ఆ దినాల ఆకలి

కాగజ్‌నగర్ స్టేషన్ వదిలి బండి ఇంకా వేగం అందుకోకముందే అనసూర్యకు మళ్ళీ ఆకలేసింది. పొద్దున జొన్నరొట్టెలు తిని, అడుగున మిగిలిన పప్పుచారు గిన్నె ఎత్తి తాగి బయలుదేరిన మనిషి. అయినా ఒళ్ళో ఉన్న గంపలోంచి, దాని మీద కట్టిన తెల్ల తువ్వాలలోంచి బెల్లం వాసన, నువ్వుల వాసన, నూనెలో దోరగా వేగిన గరిజెల్లోని ఎండుకొబ్బరి కుడుక వాసన ఒకదాని వెనక ఒకటి పైకి లేస్తుంటే దవడల కింద నీళ్ళూరి, అవి మింగిన కొద్దీ ఇంకా ఊరుతున్నాయి. కాగితం మిల్లులో వెదురు ఉడికే వాసన కూడా ఈ వాసనను చంపలేకపోయింది. పక్కన తల్లి శంకరవ్వ కొంగు తలమీదికి లాక్కుని, కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుంది. ఆమె చెయ్యి ఒకటి గంప అంచు మీదనే ఉంది, పసిపిల్లను పట్టుకున్నట్టు. గంప బెల్లంపల్లికి పోతున్నది. బెల్లంపల్లిలో చెల్లెలు బాలలక్ష్మికి ఏడో నెల. రేపు తల్లిగారి తరఫున తీపి తినిపించాలి. పొద్దున తువ్వాల కట్టేటప్పుడు విరిగిన గరిజె ముక్క ఒకటి పైనే కనిపిస్తే అనసూర్య అలవాటుగా చెయ్యి పెట్టింది. తల్లి ఆ చేతి మీద చటుక్కున కొట్టింది. "ముట్టకే! కడుపుతోనున్నదానికి తీస్కపొయ్యేది. అది నోట్ల పెట్టుకున్నంకనే ఎవలైనా." గట్టి దెబ్బేం కాదు. కానీ పెళ్ళయి ఇన్నేళ్ళయిన ఆడదాని చేతి మీద, అత్త చూస్తుండగా. అత్త పోశవ్వ పొయ్యి దగ్గరినుంచి చూసి నవ్వింది కూడా. "కొట్టు వదినే, కొట్టు. గీ దినాలల్ల దాని పొట్టల ఏదో జొరవడ్తది."

ఏదో జొరబడుతుంది. నిజమే, అంతకంటే మంచి మాట అనసూర్యకు కూడా దొరకలేదు. నెలంతా ఆమె అందరిలాంటి మనిషే, ఒక ముద్ద తక్కువే తింటుంది. బయట కూర్చునే రోజులు దగ్గరపడుతున్నాయనగా ఒక పొద్దున నిద్ర లేస్తూనే తెలుస్తుంది, వచ్చేసిందని. రొమ్ములు బరువెక్కుతాయి, నడుములో ఎవరో చెయ్యి పెట్టి మెల్లగా పిసుకుతున్నట్టుంటుంది, ఎవరేమన్నా కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, ఇక ఆకలి. తిన్న గంటకే తినాలనిపించే ఆకలి. తీపి తింటే కారం, కారం తింటే పులుపు, పులుపు తింటే మళ్ళీ తీపి. సర్వపిండి గిన్నెకు అంటుకుని మాడిన అంచు గీకి తినాలనిపిస్తుంది. చింతతొక్కులో వేలు ముంచి నాకాలనిపిస్తుంది. వాన పడ్డ సాయంత్రం మట్టిగోడ పక్కనుంచి నడిస్తే ఆ గోడనే కొరకాలనిపిస్తుంది, ఎవరికి చెప్పుకుంటుంది ఆ మాట? ఉమ్మడి వంటింట్లో అత్త కళ్ళ ముందు రెండోసారి పళ్ళెం పెట్టుకోవడానికి సిగ్గు. అందుకని గుప్పెడు పచ్చిబియ్యం కొంగున ముడేసుకుని నీళ్ళకు పోతుంది. బావి దగ్గరి దాకా నములుతూ పోయి, అక్కడ పుక్కిలించి, కడవ ఎత్తుకుని ఏమీ ఎరగని దానిలా తిరిగి వస్తుంది. ఆ తర్వాత రక్తం కనిపిస్తుంది, ఆకలి చెప్పకుండా వెళ్ళిపోతుంది, వెనక పెరట్లో బోరగిలా పడుకున్న అనసూర్యకు పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంటుంది. అప్పుడు మాత్రం పోశవ్వ "తినవే, తినవే" అంటుంది.

కిటికీలోంచి బొగ్గు నలుసు వచ్చి కంట్లో పడింది. కొంగుతో ఒత్తుకుంటూ ఉంటే కైలాసం గుర్తొచ్చాడు. మొగుడు మంచివాడే. అదే ఆమె దుఃఖం, తిట్టుకోవడానికి కూడా వీల్లేని మంచివాడు. పెళ్ళయిన రెండో ఏడు, ఇట్లాంటి ఆకలి రోజుల్లోనే, లెక్క ప్రకారం రావలసింది రాలేదు. రెండు రోజులు గడిచాయి, మూడు గడిచాయి. ఆకలి మాత్రం పోలేదు. పక్కింటావిడ అన్నది, "పులుపు మీదికి పాణం పోతున్నదంటె గంతేనే పిల్లా, నీళ్ళోసుకున్నట్టే." అనసూర్య ఆ మాట నమ్మింది. నమ్మి, ఆ రాత్రి కైలాసం చెవిలో చెప్పింది. మరునాడు మిల్లు పని నుంచి వస్తూ కైలాసం బజారులో జిలేబీలు కట్టించుకుని వచ్చాడు. కాగితం పొట్లం నూనె పీల్చి అద్దంలా అయింది. "ఇంకేం గావాలె? చెప్పు, ఏం దినబుద్ధైతంది?" అన్నాడు. ఏం తినాలనిపిస్తున్నదని ఆమెను అట్లా అడిగిన మనిషి అంతకుముందు లేడు, ఆ తర్వాత అతను కూడా అడగలేదు. ఆమె చెప్పింది. చింతకాయ అన్నది, బెల్లం పూసిన రొట్టె అన్నది, సీతాఫలం అన్నది. ఒక్కొక్కటే చెబుతుంటే లోపల ఏదో కోట తలుపులు తెరుచుకున్నట్టు అనిపించింది. పొట్లం సగం కూడా కాలేదు, మరుసటి పొద్దున్నే రక్తం వచ్చింది. కైలాసం రాత్రే కోసుకొచ్చిన చింతకాయలు పక్కింటి పిల్లలకు పంచి డ్యూటీకి పోయాడు. మిగిలిన జిలేబీలు పెరట్లో కూర్చుని, చీమలు దులుపుకుంటూ అనసూర్య ఒక్కతే తిన్నది. ఆకలి లేకుండా తిన్నది. పారేస్తే అందరికీ కనిపిస్తాయని తిన్నది.

ఇప్పుడు బాలలక్ష్మిని అందరూ అడుగుతున్నారు. ఏం తినబుద్ధైతంది, ఏం గావాలె. మొన్న తల్లి వచ్చీ రాగానే మొదలుపెట్టింది ఆ కథలు. బాలకు సీతాఫలం మీద మనసైందట, దాని మొగుడు పర్శరాములు బొగ్గుబాయి నుంచి పైకెక్కి మొహమన్నా కడుక్కోకుండా, ఆ నల్లటి మొహంతోనే అడవి అంచున ఉన్న ఊళ్ళకు పోయి తువ్వాల నిండా తెచ్చాడట. బాలకు రాత్రి రొట్టె వాసన పడలేదట, అత్త మళ్ళీ పొయ్యి రాజేసి అన్నం వండిందట. బాల పొయ్యి మట్టి గీకి తింటే కూడా అందరూ నవ్వుకున్నారట, "మట్టి దింటె మొగపిల్లగాడే" అన్నారట. వింటూ అనసూర్య చేట చెరుగుతూనే ఉంది. అదే ఆకలి కదా. అదే నాలుక, అదే నీళ్ళూరడం, అదే మట్టి. చెల్లెలికి వస్తే మర్యాద, తనకు వస్తే దయ్యం. చెల్లెలి ఆకలికి పేరుంది, అడిగేవాళ్ళున్నారు, దాని కోసం రైలెక్కి పోయే గంపలున్నాయి. తన ఆకలి నెలనెలా వచ్చి ఏ ఇంటి ముందు నిలబడ్డా వెళ్ళగొట్టించుకునే కుక్క. చిన్నప్పుడూ అంతే. అనసూర్య పెద్దమనిషైన కొత్తలో ఈ ఆకలి మొదటిసారి వచ్చినప్పుడు తల్లి ఎట్లా కనిపెట్టిందో కనిపెట్టి, ఉట్టి మీద బెల్లంరొట్టె ఒకటి దాచి పెట్టేది. అది ఎక్కడినుంచో బాల చూసేది, ఏడ్చేది. "చిన్నది గదనే, సగమియ్యే" అనేది తల్లి. ఆ సగం ఇచ్చినప్పుడల్లా బాల గబగబా తిని, నోరు తుడుచుకుని, అక్క సగం వైపు చూసేది. ఆ చూపు అనసూర్య ఇన్నేళ్ళయినా మరిచిపోలేదు. పెద్దమనిషైన తర్వాత బాలకు ఆ దినాల్లో ఏమీ కాలేదు. "నాకేమనిపియ్యదక్కా, జర నడుము గుంజుతదంతే" అన్నది ఒకసారి, జడ అల్లుకుంటూ. దాని మీద కూడా అసూయే. తనకు నెలనెలా వచ్చే ఆకలి దానికి రాలేదు, రావలసిన వేళకు మాత్రం పళ్ళెంలో పెట్టుకుని వచ్చింది.

ఆసిఫాబాద్ రోడ్‌లో బండి ఆగింది. తల్లి తల పక్కకు వాలింది, నోరు కాస్త తెరుచుకుంది. రెండు రోజులు పొయ్యి ముందు కూర్చుని వండిన ఒళ్ళు, ఇప్పుడు రైలు ఊపుకు లొంగిపోయింది. గంప మీది చెయ్యి జారి ఆమె ఒళ్ళో పడింది. అనసూర్య ఆ చేతినే చూసింది. వేళ్ళ సందుల్లో ఇంకా బెల్లం మరక ఉంది, చూపుడువేలి మీద నూనె చుక్క పడి బొబ్బ లేచింది. ఎవరి కోసం ఆ బొబ్బ? నా పేరు మీద పొయ్యి మీద ఒక్కసారి నూనె పెట్టిందా ఈ తల్లి, నా పెళ్ళయిన తర్వాత? పెట్టలేదు, పెట్టే సందర్భం నేను ఇయ్యలేదు, నేను ఇయ్యలేదు కాబట్టి పెట్టలేదు. ఆ మాట లోపల తిరుగుతూ ఉండగానే ఆమె వేళ్ళు తువ్వాల ముడి విప్పాయి. మొదటి గరిజె తీసి కొరికినప్పుడు పలుచటి పెంకు టప్పున విరిగి, లోపలి కుడుక బెల్లం నాలుక మీదికి జారింది. కళ్ళు మూసుకుంది. రెండోది తెలియకుండా అయిపోయింది. మూడోది తింటున్నప్పుడు కోపం కూడా నములుతున్నట్టనిపించింది. ఇది నీ సగం, ఇది కూడా నీ సగం, ఇప్పుడు చూడవే బాలా, నీ గరిజెలు. తర్వాత నువ్వుల ముద్ద, దాని తర్వాత సకినాలు, ఎందుకంటే తీపి తర్వాత కారం లేకపోతే బతకలేదు ఈ నోరు. మళ్ళీ గరిజె.

"నెమ్మది బాయీ, నెమ్మది. గొంతు వడ్తది."

అనసూర్య ఉలిక్కిపడింది. ఎదురు బల్ల మీద ఎప్పుడెక్కిందో ఒకావిడ, కాళ్ళ మధ్య సీతాఫలాల తట్ట పెట్టుకుని, గోచీ పోసి కట్టిన చీర సర్దుకుంటూ నవ్వుతున్నది. నుదుటి మీద పచ్చబొట్టు, చేతుల నిండా ఆకుపచ్చ గాజులు. ఎంతసేపటినుంచి చూస్తున్నదో. అనసూర్య చెంపలు మండాయి. నోట్లో ఉన్నది మింగనూ లేక, ఉమ్మనూ లేక కూర్చుంది. ఆవిడ ముందుకు వంగి, మెల్లగా, రహస్యం అడిగినట్టు అడిగింది. "కడుపుల బాళ్ ఉన్నడా? బిడ్డ?"

ఒక్క క్షణం. ఆ క్షణంలో కాదు అని చెప్పడానికి చాలా చోటుంది. కానీ కాదంటే తాను ఎవరు? చెల్లెలికి పోయే గంపను రైల్లో దొంగతనంగా తింటున్న మనిషి. అవునంటే?

"అవు" అన్నది అనసూర్య.

అంతే, లోకం మారిపోయింది. సక్కుబాయి, అదే ఆవిడ పేరు, లేచి తన కిటికీ పక్క చోటు ఇచ్చింది, గాలి తగలాలని. తట్టలోంచి కన్ను విచ్చిన సీతాఫలం ఏరి, రెండు చేతుల్లో ఒత్తి తెరిచి పెట్టింది. అవతలి బల్ల మీది ముసలాయన బీడీ ఆర్పేశాడు. "తిను, మన్సుల ఏం పెట్టుకోకు. తల్లి తినెటిది బిడ్డ తినెటిదే. నాకు ఐదుగురు. ప్రతి ఒక్కని టైముకు నేను గిట్లనే, రాకాసి తిన్నట్టు" అని సక్కుబాయి పెద్దగా నవ్వింది. అనసూర్య తిన్నది. తెల్లటి గుజ్జు నోట్లో కరిగిపోతుంటే, నల్లటి గింజలు అరచేతిలోకి ఉమ్ముతూ, గాలికి కొంగు ఎగురుతుంటే, ఒక చెయ్యి తనంతట తానే వెళ్ళి కడుపు మీద కూర్చుంది. ఎందుకు పెట్టిందో ఆమెకు తెలియదు, ఆడవాళ్ళు అట్లా పెట్టుకోవడం చూసింది కాబట్టి పెట్టి ఉంటుంది. బాల ఇట్లాగే ఉంటుందా పొద్దంతా? అడిగేవాళ్ళ మధ్య, ఇచ్చేవాళ్ళ మధ్య, తింటే మెచ్చుకునేవాళ్ళ మధ్య? ఇంత సుఖంగా ఉంటుందా? అసూయ ఇంకొంచెం లోతుకు దిగింది, ఇప్పుడు దానికి రుచి కూడా తెలిసింది. రేపల్లెవాడలో బండి ఆగింది, కదిలింది. ఆ చెట్లు, ఆ గుట్టలు, ఎర్రటి మట్టిదారిలో బండెడ్లు, అన్నీ కడుపుతో ఉన్న ఆడదాని కళ్ళకు కనిపిస్తున్నట్టే కనిపించాయి. ఇట్లా ఈ బండి బెల్లంపల్లి దాటి, మంచిర్యాల దాటి, ఎక్కడా ఆగకుండా పోతే బాగుండు.

"ఎన్నో నెల అవ్వా నీ బిడ్డకు?"

సక్కుబాయి అడుగుతున్నది తనను కాదు. అనసూర్య తల తిప్పింది. శంకరవ్వ లేచి కూర్చుని ఉంది. ముడి విప్పిన తువ్వాలను చూస్తున్నది, సగానికి దిగిన గంపను చూస్తున్నది, పెద్దబిడ్డ పెదవి చివర అంటిన నువ్వు గింజను చూస్తున్నది, కడుపు మీద ఉన్న చేతిని చూస్తున్నది. అనసూర్య ఆ చెయ్యి తియ్యాలనుకుంది, రాలేదు. ఇప్పుడంటుంది, ఇది గొడ్రాలు అంటుంది, దొంగముండ అంటుంది, ఇంతమందిలో. బండి చక్రాలు పట్టాల అతుకుల మీద టకటకమని కొడుతుంటే తల్లి నోరు తెరవడానికి ఎంతసేపు పట్టిందో.

"ఇప్పుడిప్పుడేనమ్మా" అన్నది శంకరవ్వ. "ఎవలకు జెప్పలే ఇంక. నువ్వు గూడ నోట్ల అనకు."

రేచిని రోడ్‌లో సక్కుబాయి దిగిపోయింది. దిగుతూ ఇంకో పండు అనసూర్య ఒళ్ళో వేసి, ఆమె తల చుట్టూ చేతులు తిప్పి మెటికలు విరిచింది. బండి కదిలింది. తల్లీ కూతుళ్ళ మధ్య గంప. తల్లి గంపలో మిగిలినవి సర్దింది. ఆ తర్వాత శంకరవ్వ, కిటికీ వైపే చూస్తూ, ఎన్నడూ లేనంత చిన్న గొంతుతో అడిగింది. "నిజమేనానే బిడ్డా?"

అన్నిటికంటే అది కష్టంగా తగిలింది. తిట్టినా బాగుండేది. ముసలిదాని గొంతులో ఆశ, ఎండిన వాగులో నీటిచెమ్మలా. "కాదవ్వా. రేపో ఎల్లుండో బయట కూసుంట. నడుము అప్పుడే గుంజుతాంది."

శంకరవ్వ తల ఊపింది. ఊపుతూనే ఉంది. "ఆకలైతె నన్నడగద్దా?"

"అడిగితె పెడ్తువా? పొద్దుగాల చేతిమీద కొట్టితివి."

"కొట్టిన." చూపుడువేలి మీది బొబ్బ తడుముకుంది. "మీ అత్త ముంగట కొట్టిన. తప్పే. నాకు గూడ గట్లనే ఆయేదే. మీ బాపమ్మకు భయపడి పచ్చిబియ్యం కొంగుల కట్టుకొని నీళ్ళకు పోదును. ఒకపాలి బియ్యం బాయిల పడ్డయి, తేలుతాంటె అందరు చూసిండ్రు." నవ్వబోయింది, నవ్వు రాలేదు. అనసూర్య తల్లి వైపు చూసింది. పచ్చిబియ్యం తన ఒక్కదానిదే అనుకుంది ఇన్నాళ్ళు. ఈమెకూ ఉండేదా ఈ కుక్క, ఇట్లాగే తిరిగేదా ఈమె వెనకాల? మరి తెలిసి కూడా ఎట్లా కొట్టింది? తెలిసి కూడా సగం తీసి ఎట్లా ఇచ్చింది చిన్నదానికి? కోపం తగ్గలేదు. కానీ దాని పక్కన ఇంకేదో వచ్చి కూర్చుంది, చోటు చెయ్యమని అడగకుండానే. తల్లి తువ్వాల మళ్ళీ ముడి వేసింది.

బెల్లంపల్లిలో బొగ్గు పొడి పడి నల్లబడిన దారుల వెంట క్వార్టర్ల దాకా నడిచారు. బాలలక్ష్మి గుమ్మంలోనే ఉంది, పాదాలు వాచి, మొహం నిండుగా, కడుపు ముందుకు పెట్టుకుని. అక్కను చూసి నవ్వింది. ఎంత బాగుంది. ఆ బాగుండడాన్ని అనసూర్య కళ్ళు ఒక్కొక్క చోటా తడిమి చూసి, ఒక్కొక్క చోటా కాలాయి. బాల అత్త బుచ్చవ్వ గంప అందుకుని, బరువు చూసి, తువ్వాల విప్పింది. "ఏమో అనుకున్న వదినే, గంపెడు తెస్తివని. సగమే ఉన్నయి గదా."

"బండ్ల నాకే ఆకలైంది వదినే" అన్నది శంకరవ్వ వెంటనే. "ముసలి పాణం, ఆగలే. తిన్న."

బుచ్చవ్వ నవ్వింది. గుమ్మం దగ్గర చేరిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నవ్వారు. బాల మొహం ముడుచుకుంది, "నువ్వానే అవ్వా, నా గరిజెలు?" అన్నది చిన్నపిల్లలా. శంకరవ్వ తల వంచుకుంది. ఈ రెండు రోజుల్లో ఒక్క గరిజె నోట్లో పెట్టుకోని మనిషి. ఆ వంచిన తలలో పాపిట పక్కన వెంట్రుకలు ఎంత పలచబడ్డాయో అనసూర్యకు అప్పుడు కనిపించింది. నోరు మూసుకుని ఉంటే సరిపోతుంది, పోయేదేమీ లేదు. రైల్లో ఒక అబద్ధం తాను తిన్నది, ఇక్కడ ఒకటి తల్లి తింటున్నది.

"అవ్వ గాదు" అన్నది అనసూర్య. "నేను తిన్న."

నవ్వులు ఆగాయి. బుచ్చవ్వ చేతిలో తువ్వాల అట్లాగే ఉండిపోయింది. తల్లి "ఊకోయే" అని చెయ్యి పట్టుకోబోయింది. అనసూర్య ఆగలేదు, ఆగితే మళ్ళీ జన్మలో అనలేనని తెలుసు. "ఆకలైంది, తిన్న. ఇంక గూడ ఆకలైతనే ఉన్నది. బువ్వ ఉంటె పెట్టు చెల్లే."

బాల అక్కను చూసింది. ఆ చూపు మొదట ఉట్టి కింద నిలబడిన పాత చూపులాగే ఉంది. తర్వాత అందులో ఏదో గుర్తుకొచ్చింది. "గా దినాలా?" అన్నది మెల్లగా.

"ఆ."

"మరి రేపు నాకు తినిపియ్యవా నువ్వు? బయట కూసుంటవా?"

"కూసుంటనేమో."

బాల గుమ్మం పట్టుకుని, నడుము మీద చెయ్యేసుకుని లోపలికి నడిచి, పీట వాల్చింది. వేడన్నం, పప్పు, చింతతొక్కు, పైన నూనె. అందరి ముందూ, పట్టపగలు, అనసూర్య పీట మీద కూర్చుని కలుపుకుంది. మొదటి ముద్ద గొంతు దిగుతుంటే కళ్ళలో నీళ్ళు వచ్చాయి, తొక్కు కారం అనుకున్నారేమో అందరూ. ఇంకొంచెం వడ్డించడానికి బాల వంగినప్పుడు ఆ పెద్ద కడుపు అనసూర్య భుజానికి ఆనింది. లోపల ఏదో కదిలింది, మోచెయ్యో మడమో, గట్టిగా ఒక్క తన్ను. అసూయ ఆ తన్ను తగిలిన చోటునుంచే మొదలై ఒళ్ళంతా పాకింది, ఎప్పటిలాగే, ఏమీ తగ్గకుండా. అనసూర్య భుజం తీసెయ్యలేదు. పళ్ళెం ముందుకు జరిపింది.

"ఇంకింత వెయ్యి" అన్నది.